మా రొట్టెలో పావలా లాభం ఉంది

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ సిటీ పేజీలో బస్తీ ఆడవాళ్లు నడుపుకునే యూనిట్ల మీద ఒక కథనం వేశారు. అందులో బోరబండలో జొన్నరొట్టెలు చేసే మా సంఘం గురించి నాలుగు వాక్యాలున్నాయి. ఫొటో చాలా బాగుంది. రొట్టె మంట మీద పొంగిన క్షణానికి సరిగ్గా కెమెరా నొక్కిన మీ ఫొటోగ్రాఫర్‌కి థ్యాంక్స్ చెప్పమని మావాళ్లంతా నాకు పురమాయించారు. నాలుగు వాక్యాల్లో మూడు కరెక్టే. "వీరు లాభాపేక్ష లేకుండా సమాజసేవ చేస్తున్నారు" అన్న నాలుగోది మాత్రం తప్పు. ఆ ఒక్క వాక్యం కోసమే ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

పేపర్ ఆదివారం వచ్చింది. సోమవారం పొద్దున్నుంచి మా ఫోన్ మోగుతూనే ఉంది. ఆర్డర్లనుకుని మురిసిపోయాం. మొదట చేసినాయన, వాళ్ల గుడిలో అన్నదానానికి రెండు వందల రొట్టెలు ఎప్పుడు పంపుతారని అడిగారు. రేటు చెప్పేసరికి "సేవ అని రాశారు కదమ్మా పేపర్లో" అని నొచ్చుకున్నారు. తర్వాత ఇద్దరు పాత చీరలు పంపుతామన్నారు. ఇంకొకాయన, విరాళమిస్తే 80జీ కింద పన్ను మినహాయింపు వస్తుందా అన్నారు. మేం విరాళాలు తీసుకోమండీ, రొట్టెలు అమ్ముతాం అన్నాను. "ఓహో, అయితే మామూలు కర్రీ పాయింటే కదా" అని ఫోన్ పెట్టేశారు.

ఆయన మీద నాకేం కోపం లేదు. మాలాంటివాటిని సోషల్ ఎంటర్‌ప్రైజ్ అంటారు, అంటే సరుకు అమ్ముకుని బతుకుతూ, మిగిలింది సమాజం పనికే పెట్టే వ్యాపారం. ఆ మాట మన దగ్గర ఇంకా గాల్లోనే ఉంది. ఒకవైపు దానం, ఒకవైపు దుకాణం, మధ్యలో ఇంకోటి ఉంటుందంటే చదువుకున్నవాళ్లు కూడా అనుమానంగానే చూస్తారు.

నా సంగతి చెప్పాలి కదా. ఈ సంఘంలో లెక్కలు రాసేది నేను. అంతకుముందు 22 ఏళ్లు రాణిగంజ్‌లో ఒక పైపుల దుకాణంలో రాశాను. ఇక్కడ నా జీతం 18 వేలు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే అది కూడా అడుగుతారు, సేవాసంస్థలో జీతం తీసుకుంటావా అని. తీసుకుంటాను, ఒకటో తారీఖునే. మేం చేసేది సేవ అని మా ఇంటి ఓనరు అద్దె తగ్గించలేదు మరి.

ఇక రొట్టె లెక్క. మా దగ్గర 14 మంది ఉన్నారు. పది మంది పొయ్యిల దగ్గర, మిగతా నలుగురు జొన్నలు చెరగడం, ప్యాకింగు, ఆటోలో డెలివరీ. ఒక్కొక్కరు రోజుకు సగటున 130 చేస్తే 1,300 రొట్టెలు, నెలకు 26 రోజుల పనికి 33,800. జొన్నలు, మర కూలి కలిపి రొట్టెకు 4 రూపాయల 40 పైసలు పడుతుంది. గ్యాసు రూపాయిన్నర. అందరికీ రోజుకు 520 కూలి కాబట్టి రొట్టె మీద కూలి 5 రూపాయల 60 పైసలు. ఇది మా ఖర్చుల్లో అన్నిటికంటే పెద్దది, పెద్దదిగానే ఉండాలి, ఈ కూలి కోసమే సంఘం పెట్టుకున్నది. బటర్ పేపరు, కవరు 50 పైసలు. ఆటో 90. షెడ్డు అద్దె, కరెంటు, నీళ్లు ఇంకో 90. నా జీతం 55. విరిగినవి, మిగిలిపోయినవి 40. మొత్తం 14 రూపాయల 75 పైసలు. మేం అమ్మేది 15కి.

అంటే రొట్టెకు పావలా మిగులుతుంది. పావలా బిళ్ల 2011లోనే చెలామణీ నుంచి పోయింది కానీ మా లెడ్జర్లో ఇంకా బతికే ఉంది. నెలకు 8,450, ఏడాది తిరిగేసరికి లక్ష పైచిలుకు. మేం బతికేది ఈ పావలా మీదే. పోయినేడు ఇందులోంచే పిండి కలిపే మిషన్ కొన్నాం. ఒకామె కొడుక్కి అపెండిసైటిస్ ఆపరేషనంటే వడ్డీ లేకుండా అప్పిచ్చాం. వానాకాలం రెండు వారాలు షెడ్డులో నీళ్లు నిలిచి పని ఆగిపోతే సగం కూలి ఇచ్చాం. లాభాపేక్ష లేదని మీరు రాసింది ఈ పావలా గురించేనండీ. మాకు లాభాపేక్ష ఉంది. చాలా ఉంది. పావలా అర్ధరూపాయి ఎప్పుడవుతుందా అని నేను రోజూ చూస్తుంటాను.

దుకాణానికీ మాకూ తేడా ఆ పావలా ఎటు పోతుందన్న దగ్గరే. రాణిగంజ్‌లో మిగిలింది సేటు ఇంటికి పోయేది. అది ఆయన పెట్టుబడి, ఆయన కష్టం, అందులో తప్పేం లేదు. ఇక్కడ మిగిలింది ఎవరి ఇంటికీ పోదు. దేనికి పెట్టాలో 14 మంది కూర్చుని తేలుస్తారు, ఒక మనిషికి ఒకే ఓటు. ధర్మసంస్థకూ మాకూ తేడా ఇంకా సులువు. వాళ్లు ఖర్చులకు ఏటా దాతలను అడగాలి, మేం రేపటి రొట్టె అమ్ముకోవాలి. దాత మనసు మారితే వాళ్ల పని ఆగుతుంది. మా రొట్టె గట్టిపడితే మా పని ఆగుతుంది.

గట్టిపడటం అంటే గుర్తొచ్చింది. మొదటి ఏడాది నా తెలివితక్కువతనం వల్ల ఒక నష్టం జరిగింది. పిండి టోకున చవగ్గా వస్తోందని మూడు క్వింటాళ్లు ఒకేసారి కొనిపించాను. పైపులైతే ఎన్నాళ్లున్నా పైపులే కదా. జొన్నపిండి అలా కాదని నాకు తెలీదు. వారం తిరిగేసరికి పిండిలో జిగురు పోయింది. మసిలే నీళ్లు పోసి ఎంత మర్దించినా ముద్ద నిలవలేదు, కొడుతుంటే అంచులు పగిలిపోయాయి. నారాయణఖేడ్ నుంచి వచ్చిన పెద్దమ్మ ఒకరున్నారు మా దగ్గర, అందరికంటే పెద్ద. పగిలిన రొట్టెను నా ముందు పెట్టి, "బిడ్డా, నీ లెక్కల ఇది చవుక. నా చేతుల ఇది మన్ను" అంది. అప్పట్నుంచి మూడు రోజులకోసారి మర పట్టిస్తున్నాం. కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువే అవుతుంది. ఆ లెక్క పెద్దమ్మకు వదిలేశాను.

ఇలాంటి సోషల్ ఎంటర్‌ప్రైజ్‌లకు మన దేశంలో ప్రత్యేకంగా ఒక చట్టమంటూ లేదు. అందుకే తలో కాగితం మీద ఉంటాయి. కొన్ని ట్రస్టులు, కొన్ని సొసైటీలు, కొన్ని 2013 కంపెనీల చట్టంలోని సెక్షన్ 8 కంపెనీలు. సెక్షన్ 8 అంటే లాభం సంపాదించొచ్చు, డివిడెండ్‌గా పంచుకోకూడదు. రైతులైతే ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకుంటారు. మామూలు ప్రైవేట్ లిమిటెడ్ పెట్టి మంచి పని చేసేవాళ్లూ ఉన్నారు. మాది 1995లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన మ్యాక్స్ చట్టం కింద పెట్టుకున్న పరస్పర సహాయ సహకార సంఘం. సర్కారు వాటా ఉండదు, కాబట్టి సర్కారు పెత్తనమూ తక్కువ. బ్రిటన్‌లో 2005 నుంచి ఇలాంటివాటికి విడిగా ఒక రకం కంపెనీయే ఉంది. అందులో ఆస్తికి తాళం వేసేస్తారు, రేపు సంస్థ మూతపడ్డా ఆ ఆస్తి ఎవరూ సొంతం చేసుకోలేరు. మన దగ్గర ఆ తాళం ఎవరికివారు తమ బైలాల్లో, అంటే సంఘం సొంత నిబంధనల్లో, వేసుకోవాల్సిందే.

ఈ మధ్య ఒక కన్సల్టెంటు వచ్చి మమ్మల్ని సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజీలో, అంటే సమాజం కోసం పనిచేసే సంస్థలు డబ్బు సేకరించుకునే షేర్ మార్కెట్ విభాగంలో, పెడతామన్నాడు. 2019 బడ్జెట్లో చెప్పిన సంగతి అది, 2023 చివర్లో మొదటి లిస్టింగ్ జరిగింది. స్వచ్ఛంద సంస్థలకు అక్కడ ఒక బాండు లాంటిది ఉంది. కొన్నవాళ్లకు వడ్డీ రాదు, అసలూ తిరిగి రాదు. మావాళ్లకు అంతా వివరించి చెప్తే పెద్దమ్మ నవ్వి, "గదాన్ని మా ఊళ్ల చందా అంటరు" అంది. లక్షలూ కోట్లూ కావాల్సిన పెద్ద సంస్థలకు పనికొస్తుందేమో. షెడ్డుకు రేకులు మార్చుకోవాల్సిన మాకెందుకు?

సోషల్ ఎంటర్‌ప్రైజ్ అంటే ఏదో నిన్నమొన్న విదేశాల నుంచి దిగుమతైన ఫ్యాషన్ అని కూడా కొందరనుకుంటారు. 1959లో ముంబయి గిర్గావ్‌లో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయలు అప్పు తెచ్చి మేడ మీద అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టారు. అదే లిజ్జత్. నష్టమొచ్చినా సరే ఎవరి దగ్గరా విరాళం అడగకూడదని మొదట్లోనే తీర్మానం చేసుకున్నారట. ఆ సంగతి తెలిసినప్పుడు నేను మా రిజిస్టరు మొదటి పేజీలో అదే తీర్మానం రాసి అందరిచేత సంతకాలు, వేలిముద్రలు పెట్టించాను. మదురైలో డాక్టర్ వెంకటస్వామి రిటైరయ్యాక 1976లో 11 మంచాలతో అరవింద్ కంటి ఆసుపత్రి పెట్టారు. ఇవ్వగలిగినవాళ్లు ఇచ్చే ఫీజుతో ఇవ్వలేనివాళ్లకు ఆపరేషన్ జరుగుతుంది, డాక్టర్లు రెండు వైపులా వాళ్లే. కంట్లో పెట్టే లెన్సు విదేశాల నుంచి తెప్పిస్తే గిట్టడం లేదని 1992లో సొంతంగా ఆరోల్యాబ్ పెట్టి లెన్సులు చేసి, దిగుమతి ధరలో పదో వంతుకు తెచ్చారు. దానం మీదే నడిచే ఆసుపత్రి అయితే లెన్సుల కోసం ఇంకో దాతను వెతుక్కునేది. వీళ్లు ధర ఎక్కడ పేరుకుంటోందో చూసి అక్కడ చెయ్యి పెట్టారు. మన బంజారాహిల్స్‌లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు మొదలుపెట్టిన ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రీ 1987 నుంచి ఇదే దారి. మా మేనత్త శుక్లం ఆపరేషన్ అక్కడే, డబ్బు కట్టే చేయించాం. బిల్లు కట్టి బయటికొస్తుంటే పక్కన డబ్బు కట్టకుండా చేయించుకున్న ముసలాయన అదే నల్ల కళ్లద్దాలతో కూర్చుని ఉన్నాడు. మా బిల్లులో కొంత ఆయనదీ ఉందన్నమాట. అలా అనుకుంటే కట్టిన డబ్బు మీద నాకు గౌరవం పెరిగింది.

ముల్కనూరుకు మేం బస్సు మాట్లాడుకుని వెళ్లొచ్చాం. అక్కడి సహకార బ్యాంకు 1956 నాటిది, ఆడవాళ్ల డెయిరీ చాలా తర్వాత వచ్చింది. పాలు తెచ్చినామె ఎదురుగానే వెన్న శాతం కొలుస్తారు, దాన్నిబట్టే రేటు. చుట్టమైనా, సంఘం ప్రెసిడెంటైనా అంతే. నీళ్లు కలిపితే ఎవరూ ఏమీ అనరు, మిషనే చెప్పేస్తుంది. మావాళ్లు దారంతా దాని గురించే మాట్లాడుకున్నారు. వచ్చిన వారానికే మా షెడ్డులో తూకం పెట్టారు, ముద్ద ఇంత బరువుండాలని.

ఇంత చెప్పి మేమేదో దేవతలమన్నట్టు రాస్తే అదీ అబద్ధమే. పెద్దమ్మకు మణికట్లు నొప్పి. జొన్నరొట్టె కర్రతో ఒత్తేది కాదు, అరచేత్తో కొట్టేది. రోజంతా కొడితే ముప్పై ఏళ్లవాళ్లకే చేతులు లాగుతాయి, ఆమెకు 61. రోజుకు 70కి మించి అయ్యేవి కావు. చివరి పొయ్యి దగ్గర ఒక చురుకైన అమ్మాయి ఉండేది, 180 చేసేది. ఇద్దరికీ 520 ఎట్లా ఇస్తారు, రొట్టెకింత అని లెక్కగట్టండి అని ఆ అమ్మాయి అడిగింది. నిజం చెప్పాలంటే లెక్కల మనిషిగా నాకూ అదే సబబనిపించింది. అప్పుడు 15 మందిమి. శనివారం పని అయ్యాక తలుపులు వేసుకుని మూడు గంటలు కొట్లాడుకున్నాం. ఒకామె ఏడ్చింది, ఒకామె లేచి వెళ్లి మళ్లీ వచ్చింది. పెద్దమ్మ నోరు విప్పలేదు. చేతులెత్తమంటే రోజుకూలే ఉండాలని పది మంది, రొట్టె లెక్కన ఇవ్వాలని ఐదుగురు. నెల తిరిగేలోగా ఆ అమ్మాయి మానేసి యూసుఫ్‌గూడలో రోడ్డు పక్కన సొంతంగా పొయ్యి పెట్టుకుంది. బాగా నడుస్తోంది. ఆమె తప్పేం లేదు, నేనప్పుడప్పుడు అక్కడ రొట్టె తిని డబ్బులిచ్చి వస్తుంటాను. పెద్దమ్మను పొయ్యి దగ్గర్నుంచి లేపి జొన్నలు చూసే పని అప్పజెప్పాం. బస్తా విప్పగానే నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరికి, కొత్తదా పాతదా, యాసంగిదా కాదా చెప్పేస్తుంది. ఆమె వచ్చాక విరిగే రొట్టెలు సగానికి తగ్గాయి. ఇందాక చెప్పిన 40 పైసలు అంతకుముందు 80.

అలాగే రొట్టెలు చేసే మిషన్ ఒకటి చూపించారు, మూడు లక్షలు. గంటకు 600 రొట్టెలట. అది కొంటే కూలి 5.60 నుంచి రెండు రూపాయలకు దిగుతుంది, పావలా కాస్తా మూడు రూపాయలు దాటుతుంది. పది మంది ఇంటికి పోవాలి. దుకాణమైతే కొనాల్సిందే, కొనకపోతే తెలివితక్కువ. మేం కలిపే మిషన్ కొన్నాం, కొట్టే మిషన్ కొనలేదు. రేపు కూలి ఇంకా పెరిగి, జనం 17 రూపాయలు పెట్టి కొనకపోతే ఏం చేస్తామో ఇప్పుడే చెప్పలేను. ఆ టెన్షన్ ఎప్పుడూ ఉంటుంది.

సోషల్ అన్న పేరు పెట్టుకుని ముంచినవాళ్లూ ఉన్నారని నాకు తెలుసు. 2010లో మా చిన్నమ్మ వాళ్ల ఊళ్లో వారం వారం వాయిదాల కోసం మైక్రోఫైనాన్స్ వాళ్లు గుమ్మం ముందు కూర్చునేవాళ్లు. ఒకామె కట్టకపోతే గ్రూపులో మిగతావాళ్లు కట్టాలి, అందుకని వాళ్లే వెళ్లి ఆమె సామాన్లు బయట పెట్టించారు. పేదలను ఉద్ధరిస్తామని మొదలైన ఆ వ్యాపారం అప్పటికి షేర్ మార్కెట్ దాకా వెళ్లింది. ఆత్మహత్యల వార్తలొచ్చాక ఆ అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. బంగ్లాదేశ్‌లో గ్రామీణ్ బ్యాంకు పెట్టిన యూనస్ కూడా పేదల అప్పుల మీద షేర్లమ్మి లాభాలు చేసుకోవడాన్ని తప్పుబట్టారు. సోషల్ బిజినెస్ అంటే ఆయన లెక్కలో, పెట్టుబడి పెట్టినవాడు పెట్టింది మాత్రం వెనక్కి తీసుకోవాలి, దాని మీద డివిడెండ్ తీసుకోకూడదు. కాబట్టి ఎవరైనా మాది సోషల్ ఎంటర్‌ప్రైజ్ అంటే బ్యానర్ చూడకండి, ఆడిట్ రిపోర్టు అడగండి. మిగిలింది ఎవరికి పోయింది, కూలి ఎంతిచ్చారు, పైన కూర్చున్నాయన జీతమెంత. మా ఆడిట్ రిపోర్టు షెడ్డు గోడకే అతికించి ఉంటుంది, నూనె మరకలతో సహా.

ఇప్పుడు అసలు బాధ. పోయిన ఏడాది మహిళా దినోత్సవానికి మాదాపూర్ వైపున్న ఒక పెద్ద కంపెనీ వాళ్లు 600 మందికి భోజనం ఆర్డరిచ్చారు. మూడేసి రొట్టెలు, పచ్చిపులుసు, పల్లీల పచ్చడి, ప్లేటు 70 చొప్పున 42 వేలు. మావాళ్లు రాత్రి రెండింటికి లేచారు. అక్కడ మమ్మల్ని స్టేజీ ఎక్కించారు, శాలువాలు కప్పారు, బహుశా మూడు వందల ఫొటోలు తీశారు. వాళ్ల మేడమ్ ఒకావిడ మైకులో "ఈ అక్కలే మా సీఎస్ఆర్ హీరోలు" అన్నారు. సీఎస్ఆర్ అంటే పెద్ద కంపెనీలు లాభంలో కొంత సమాజం కోసం ఖర్చుపెట్టాలని చట్టం పెట్టిన లెక్క. లెక్కల మనిషిని కదా, నాకక్కడే చురుక్కుమంది. రొట్టెలు తిన్నది వాళ్ల ఉద్యోగులు. సొంత ఉద్యోగులకు పెట్టిన భోజనం సీఎస్ఆర్ ఖర్చు కింద రాదు, చట్టం ఒప్పుకోదు. అది క్యాంటీన్ బిల్లు, మేం క్యాంటీన్ కాంట్రాక్టర్లం. శాలువా కప్పినా కప్పకపోయినా బిల్లు బిల్లే.

ఆ బిల్లు 97 రోజులకు వచ్చింది. మొదట వెండర్ కోడ్, అంటే సరుకిచ్చేవాళ్లకు కంపెనీ ఇచ్చే నంబరు, లేదన్నారు. కోడ్ వచ్చాక ఆర్డర్ నంబరు బిల్లు మీద లేదన్నారు. అది వేసి పంపితే చూసే మనిషి సెలవులో ఉన్నారన్నారు. మా వారం కూలి 43,680. వాళ్ల దగ్గర ఆగింది దాదాపు అంత. కూలి ఆపలేం కాబట్టి నూటికి మూడు రూపాయల వడ్డీకి 40 వేలు తెచ్చాం. మూడు నెలలకు 3,600 వడ్డీ. రొట్టెకు పావలా చొప్పున లెక్కేయండి, 14,400 రొట్టెలు. అంటే 14 మంది పదకొండు రోజులు పొయ్యిల ముందు చేసిన పనిలో మిగిలిందంతా ఒక వడ్డీ వ్యాపారికి పోయింది. శాలువా కప్పినవాళ్లకు ఈ సంగతి తెలిసి కూడా ఉండదు.

మధ్యలో ఒకసారి వాళ్ల ఆఫీసులో ఒక కుర్రాడు నాతో, "మేడమ్, మీది సోషల్ ఎంటర్‌ప్రైజ్ కదా, అంత తొందరేముంది?" అన్నాడు. చెడ్డవాడు కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. మంచి పని చేసేవాళ్లకు డబ్బవసరం ఉండదని ఎక్కడో నేర్చుకున్నాడు పాపం. మీ "లాభాపేక్ష లేకుండా" అన్న మాట పేపర్లో చూసినప్పుడు నాకు ఆ కుర్రాడే గుర్తొచ్చాడు.

చివరికి వాళ్లకు ఒక ఈమెయిల్ రాశాను. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం, అంటే చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (సర్కారు దగ్గర చిన్న యూనిట్‌గా నమోదు) ఉన్న మాలాంటివాళ్లకు, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా. 2024 నుంచి ఆదాయపు పన్నులో 43బి(హెచ్) అని ఒక క్లాజు కూడా వచ్చింది. గడువు దాటించి కడితే ఆ ఖర్చును అసలు కట్టిన ఏడాదిలో తప్ప పన్ను లెక్కలో చూపించుకోవడానికి వీల్లేదు. ఈ రెండూ రాసి, కాపీ వాళ్ల ఆడిటర్లకూ పెట్టాను. నాలుగో రోజుకు డబ్బు పడింది. అప్పటికి మృగశిర దాటిపోయింది, నాంపల్లిలో చేపమందు క్యూలూ అయిపోయాయి, మావాళ్ల పిల్లల స్కూళ్లు కూడా తెరిచేశారు. వడ్డీ మాత్రం ఇవ్వలేదు. నేనూ గట్టిగా అడగలేదు, వాళ్లు మళ్లీ ఆర్డరిస్తారేమోనన్న ఆశ. ఇచ్చారు కూడా. ఈసారి సగం అడ్వాన్సు తీసుకున్నాం.

ఇదంతా చదివి మాలాంటివాళ్లకు సాయం చేయాలనుకునేవాళ్లుంటారు. చేయండి. రొట్టె బాగుంటేనే కొనండి, బాగాలేకపోతే కొనకండి, ఎందుకు బాగాలేదో చెప్పండి. కొన్నాక డబ్బు ఆపకండి. "సేవే కదా, రెండు రూపాయలు తగ్గించండి" అన్నవాళ్లు నెలకు ఇద్దరైనా ఉంటారు. పావలా మిగిలేదాంట్లో రెండు రూపాయలు ఎక్కణ్నుంచి తీయాలి? జొన్నల రేటు నా చేతిలో లేదు, గ్యాసు రేటు నా చేతిలో లేదు. ఇక మిగిలింది కూలే. అన్నదానం సారు మళ్లీ ఫోన్ చేసినప్పుడు పెద్దమ్మ ఫోన్ లాక్కుని, "సారూ, మేం గూడ గుడికి పోతం, హుండీల ఏస్తం. రొట్టెకు మాత్రం పదిహేను రూపాలే" అంది. ఆయన కాసేపు ఆగి, సరే పంపండన్నారు. రెండు వందల రొట్టెలు, మూడు వేలు, దేవుడి ఖాతాలోంచి. అదే రోజు కట్టారు. పెద్ద కంపెనీ కంటే గుడి నయం.

సంపాదకులకు నా మనవి, వీలైతే సవరణ వేయండి. "లాభాపేక్ష లేకుండా" తీసేసి "లాభం ఎవరూ ఇంటికి పట్టుకెళ్లకుండా" అని వేస్తే చాలు. సమాజసేవ అన్న మాట కూడా తీసేయొచ్చు, రొట్టెలు చేస్తున్నారంటే సరిపోతుంది. నా పేరు మాత్రం వేయకండి. పైన చెప్పిన కంపెనీ వాళ్ల రెండో ఆర్డరు డబ్బు ఇంకా సగం రావాల్సి ఉంది, ఇవాళ్టికి 31వ రోజు.

పాత చీరలు పంపినవాళ్లకు థ్యాంక్స్. వద్దని చెప్పినా రెండు మూటలొచ్చాయి. అందులో నూలు చీరలు ఏడు. పెనం మీద రొట్టె తిప్పే ముందు పైన తడిగుడ్డ అద్దాలి, దానికి మెత్తటి పాత నూలుగుడ్డే కావాలి, కొత్తది పనికిరాదు. వాటిని ముక్కలు చేసి పది పొయ్యిలకూ పంచాం. లెడ్జర్లో ఏ పద్దు కింద రాయాలో తెలీక ఇంకా రాయలేదు.

ఇట్లు,
లెక్కలు రాసే మీ పాఠకురాలు,
బోరబండ, హైదరాబాద్